ఆ ఊరిని కూడా తెలుగులోకి తీసుకురండి

మలయాళ సినిమాలను తెలుగులోకి తెస్తున్న ఓటీటీ సంస్థలకు, డబ్బింగ్ నిర్మాతలకు, తెలుగు మాటలు రాస్తున్న రచయితలకు నమస్కారం.

మాది జగిత్యాల. బ్యాంకులో ఉద్యోగం. 2015లో నన్ను కేరళకు, త్రిశూర్ జిల్లా ఇరింజాలకుడకు బదిలీ చేశారు. నాలుగేళ్లు అక్కడే ఉన్నాను. వెళ్లేముందు భాష గురించి చాలా టెన్షన్ పడ్డాను. సగం మలయాళం కౌంటర్ దగ్గరికొచ్చిన ఖాతాదారులు నేర్పారు, మిగతా సగం సినిమాలు నేర్పాయి. మా అమ్మ రెండుసార్లు వచ్చి మూడేసి నెలలు నా దగ్గర ఉంది. పక్కింటావిడను వీధిలో అందరూ పిలిచినట్టే తనూ 'చేచీ' (అక్కా) అని పిలిచేది. అమ్మకు మలయాళం రాదు, ఆవిడకు తెలుగు రాదు. అయినా ప్రహరీగోడకు ఇటొకరు అటొకరు నిలబడి గంటసేపు మాట్లాడుకునేవాళ్లు.

ఈ మధ్య ఒక రాత్రి అమ్మా నేనూ ఇంట్లో కూర్చుని ఒక మలయాళ సినిమాను తెలుగులో చూశాం. దాని పేరు చెప్పను, ఎందుకంటే ఈ తప్పు ఆ ఒక్క సినిమాది కాదు. కథ మలబారు వైపు ఒక ముస్లిం ఇంట్లో జరుగుతుంది. అక్కడ కొడుకు తల్లిని 'ఉమ్మా' అంటాడు, అన్న వరసైనవాణ్ని 'ఇక్కా' అంటాడు. తెలుగులో ఆమె 'మమ్మీ' అయింది, అతను 'బ్రో' అయ్యాడు. తెర మీద పళ్లెంలో పుట్టు, అంటే బియ్యప్పిండితో ఆవిరి మీద వండే టిఫిన్, కనబడుతుంటే ఉప్మా చల్లారిపోతోందని వినబడింది. చాయ కొట్లో ఇద్దరు ముసలాళ్లు పార్టీ గురించి వాదించుకుంటున్న చోట మన టీవీ కామెడీ షోలో ఎప్పుడో విన్న పంచ్ ఒకటి పడింది. అరగంట చూశాక అమ్మ అడిగింది: "వీళ్లు మనమున్న దిక్కోళ్లేనా బిడ్డా? వాళ్లు గిట్ల మాట్లాడరు కదా." ఆ దిక్కువాళ్లేనన్నాను. ఇంకో పది నిమిషాలు చూసి లేచి వెళ్లి పడుకుంది.

మీ పని చిన్నదని నేను అనుకోవడం లేదు. పెదాల కదలికకు మాట సరిపోవాలి, నిడివి సరిపోవాలి, గడువులోగా ఇవ్వాలి. మీరు ఆ కష్టం పడబట్టే మా వీధిలో ఇంటర్ చదివే పిల్లలకు కూడా ఫహద్ ఫాసిల్ తెలుసు. అందుకే ఈ మాట మీకే చెప్పాలనిపించింది. మీరు మనుషుల్ని తెలుగులోకి తెస్తున్నారు కానీ వాళ్ల ఊరిని కేరళలోనే వదిలేసి వస్తున్నారు.

మలయాళ సినిమాలో ఊరంటే వెనకాల కనబడే కొబ్బరిచెట్లు, కాలువలు, పడవలు కాదు. చాలాసార్లు కథ పుట్టడానికి కారణమే ఆ ఊరు. 2020లో వచ్చిన 'అయ్యప్పనుమ్ కోశియుమ్' చూడండి. అది పాలక్కాడ్ జిల్లా అట్టప్పాడిలో మొదలవుతుంది. ఆదివాసులు ఎక్కువగా ఉండే ఆ ప్రాంతంలో మద్యం నిషేధం. కారులో సీసాలు పెట్టుకుని అటుగా వచ్చిన మాజీ సైనికుడికి ఆ సంగతి లెక్కలేదు. పట్టుకున్న ఎస్సై ఆ కొండల మధ్యే సంసారం చేసుకుంటున్నవాడు. ఆ నిషేధం లేకపోతే ఇద్దరి మధ్య గొడవే లేదు, సినిమానే లేదు. అందులో అట్టప్పాడికే చెందిన నంజియమ్మ ఇరుళ భాషలో ఒక పాట పాడింది. మలయాళీల్లో కూడా చాలామందికి ఆ మాటలు అర్థం కావు. అయినా దర్శకుడు సచీ దాన్ని మలయాళంలోకి మార్చలేదు. ఆ గొంతుకు జాతీయ అవార్డుల్లో ఉత్తమ గాయని పురస్కారం వచ్చింది. అలాంటి పాట మీ చేతికి వచ్చినప్పుడు దయచేసి దాన్ని మళ్లీ పాడించకండి. కింద తెలుగులో అర్థం వేయండి, అంతే.

'ఈ.మ.యౌ.' అని 2018లో ఇంకో సినిమా వచ్చింది. ఆ మూడు అక్షరాలు 'ఈశో మరియం యౌసేప్పే' అన్న ప్రార్థనకు పొడి అక్షరాలు. చనిపోతున్న మనిషి చెవిలో చెప్పే మాట అది. కొచ్చి దగ్గర చెల్లానం తీరంలో ఒక లాటిన్ క్యాథలిక్ ఇల్లు. ఊరంతా చెప్పుకునేలా గొప్పగా సాగనంపుతానని కొడుకు తండ్రికి మాటిస్తాడు. ఆ రాత్రే తండ్రి పోతాడు. ఇక శవపేటిక కోసం అప్పులు, చర్చి ఫాదర్‌కు కలిగిన అనుమానం, ఆగని వాన. ఆ తీరంలో క్రైస్తవులు కాళ్లతో నేలను తన్నుతూ ఆడే చవిట్టునాటకం అన్న పాత కళారూపం కూడా ఆ కథలో భాగమే. ఇందులో ఏ ముక్క తీసేసి 'అందరికీ అర్థమయ్యేలా' మారుస్తాం? ఆ ప్రార్థనను 'ఓ దేవుడా' అని రాస్తే పెదాలు కుదురుతాయేమో కానీ, ఆ మనిషి చావు ఎవరి చావో తెలియకుండా పోతుంది.

ఊరిలోంచే కథ పుట్టించడం మలయాళ సినిమాకు కొత్తగా వచ్చిన అలవాటు కాదు. 1954లో పి. భాస్కరన్, రాము కరియాట్ కలిసి తీసిన 'నీలక్కుయిల్' ఒక దళిత స్త్రీని ప్రేమించి వదిలేసిన అగ్రకుల టీచర్ కథ. దానికి కె. రాఘవన్ కట్టిన బాణీలు అక్కడి జానపదాల్లోంచి, మలబారు ముస్లింల మాప్పిళ పాటల్లోంచి వచ్చాయి. 1965లో అదే రాము కరియాట్ తగళి శివశంకర పిళ్ళై నవలను 'చెమ్మీన్'గా తీశారు. సముద్రం మీదికి వెళ్లిన మగవాడి ప్రాణం ఒడ్డున ఉన్న భార్య నిష్ఠ మీద ఆధారపడి ఉంటుందన్న మత్స్యకారుల నమ్మకం ఆ కథకు వెన్నెముక. దక్షిణాది సినిమాకు తొలిసారి రాష్ట్రపతి స్వర్ణ పతకం తెచ్చింది అదే. మన 'మాయాబజార్'లో వెన్నెల చూపించిన మార్కస్ బార్ట్లీయే 'చెమ్మీన్'లో ఆ సముద్రాన్నీ చిత్రించారు. ఇరింజాలకుడలో ఒక పెద్దాయనతో ఈ మాట చెబితే ఆయన లేచి నాకు చెయ్యి కలిపారు. 1973లో ఎం.టి. వాసుదేవన్ నాయర్ 'నిర్మాల్యం'లో గుడి వెలిచ్చప్పాడు, అంటే దేవత పూనే మనిషి, ఆకలితో ఎలా కూలిపోయాడో చూపించారు. 1981లో అడూర్ గోపాలకృష్ణన్ 'ఎలిప్పత్తాయం'లో ఒక పాత నాయర్ తరవాడు, అంటే వంశపారంపర్యంగా వచ్చిన పెద్ద ఇల్లు, ఎలుకల బోనులా ఎలా మూసుకుపోయిందో చూపించారు.

ఇలాంటి సినిమాలను అక్కడి జనం ఎలా నిలబెట్టారని నేను మొదట్లో ఆశ్చర్యపోయేవాణ్ని. ఉన్నాక తెలిసింది. 1945లో పి.ఎన్. పణిక్కర్ పునాది వేసిన గ్రంథాలయ ఉద్యమం వల్ల అక్కడ చిన్న ఊళ్లో కూడా వాయనశాల (గ్రంథాలయం) ఉంటుంది, సాయంత్రం అక్కడికి మనుషులు వస్తారు. 1965లో తిరువనంతపురంలో చిత్రలేఖ ఫిల్మ్ సొసైటీ మొదలైంది, తర్వాత ఊరూరా అలాంటివి పుట్టాయి. 1986 నాటి 'అమ్మ అరియాన్' కోసం మలయాళ దర్శకుడు జాన్ అబ్రహాం మిత్రులు ఊరూరా సినిమాలు వేసి జనం దగ్గరే డబ్బు పోగుచేశారు. తమ గురించి తీసిన సినిమాలో తప్పు కనబడితే మరుసటి రోజు చాయ కొట్లోనే పట్టుకునే ప్రేక్షకులు వాళ్లు.

అయితే ఆ సినిమాల్లో కనబడే కేరళ ఎప్పుడూ అందరి కేరళ కాదు. తొలి మలయాళ చిత్రం 'విగతకుమారన్'లో పి.కె. రోజీ అనే దళిత యువతి నాయర్ స్త్రీ పాత్ర వేసింది. దాన్ని భరించలేని అగ్రకులాలవాళ్లు ఆమె మీద దాడి చేస్తే ఊరే విడిచి వెళ్లిపోవాల్సి వచ్చింది. తర్వాత చాలాకాలం తెర మీద 'కేరళ సంస్కృతి' అంటే పెద్ద తరవాడు, 'మన' అని పిలిచే నంబూద్రి బ్రాహ్మణుల పెద్ద ఇల్లు, గుడి కోనేరు. ఒట్టపాలం దగ్గరున్న వరిక్కాశేరి మన ఒక్కటే ఎన్ని సినిమాల్లో కథానాయకుడి ఇల్లయిందో. 1993 నాటి 'దేవాసురం' నుంచి అది ఇంటింటికీ తెలిసిన గుమ్మం అయింది. భాష కూడా అంతే. ఆ చుట్టుపక్కల వళ్లువనాడు మాటే నాయకుడి మాట. తిరువనంతపురం యాస వినబడితే జనం నవ్వడానికి సిద్ధపడేవాళ్లు.

నేను జగిత్యాలవాణ్ని కాబట్టి ఇది నాకు ఎక్కడ తగులుతుందో మీకు వేరే చెప్పనక్కర్లేదు. మా మాట ఎన్నేళ్లు విలన్ పక్కన రౌడీకి, హీరో పక్కన కమెడియన్‌కి మాత్రమే పెట్టారో మనందరం చూశాం. 2023లో 'బలగం' వచ్చినప్పుడు మా ఊళ్లో జనం గుంపుగా కూర్చుని చూసి ఏడ్చారు. చావింట్లో తాము మాట్లాడుకునే మాటే తెర మీద వినబడింది కాబట్టి.

మలయాళంలో ఆ మార్పు పది పదిహేనేళ్లుగా గట్టిగా జరుగుతోంది. 2016లో 'మహేషింటె ప్రతికారం' ఇడుక్కి కొండల్లోకి తీసుకెళ్లింది. అదే ఏడాది 'కమ్మట్టిపాడం' కొచ్చి నగరం పెరిగేకొద్దీ అక్కడి దళితుల నేల ఎలా పోయిందో చెప్పింది. 2018లో 'సుడానీ ఫ్రమ్ నైజీరియా' జట్టుకు ఏడుగురు ఆడే మలప్పురం సెవెన్స్ ఫుట్‌బాల్‌ను, అక్కడి తల్లుల మనసును చూపించింది. 2021లో 'తింకళాళ్చ నిశ్చయం' కాసరగోడ్ జిల్లా కాఞంగాడ్ మాటతోనే మొదలై ఆ మాటతోనే ముగుస్తుంది. త్రిశూర్‌లో నాకు పరిచయమైన ఒక కుర్రాడు, కాసరగోడ్ సినిమాలో సగం మాటలు తనకే అర్థం కాలేదని, అయినా రెండుసార్లు చూశానని చెప్పాడు. నా వరకు ఇదే అన్నిటికన్నా పెద్ద సంగతి. ఒక మలయాళీ తన రాష్ట్రంలోనే తనకు తెలియని ఊరికి సినిమా ద్వారా వెళుతున్నాడు. అదే సినిమా తెలుగులోకి వచ్చేసరికి ఇడుక్కి, మలప్పురం, కాసరగోడ్ అన్నీ ఒకే గదిలో కూర్చున్న నలుగురైదుగురు గొంతులుగా మారిపోతున్నాయి.

ఒక చిన్న విషయం చెబుతాను. మా బ్యాంకులో పింఛను రోజున ఒకే వరసలో ముగ్గురు ముసలాయనలు నిలబడేవాళ్లు. వెంట వచ్చిన పిల్లల్లో ఒకరు 'అచ్ఛా' అని, ఒకరు 'అప్పచ్చా' అని, ఇంకొకరు 'ఉప్పా' అని పిలిచేవాళ్లు. ముగ్గురూ నాన్నలే. ఆ ఒక్క పిలుపుతో ఎవరిది ఏ ఇల్లో, పండగ ఏదో, ఆదివారం ఎక్కడికి వెళతారో తెలిసిపోయేది. మలయాళ రచయిత ఒక పాత్రను పరిచయం చేయడానికి ఎక్కువ కష్టపడడు. ఆ పిలుపు ఒకటి వేస్తాడు, చాలు. మీరు ముగ్గుర్నీ 'నాన్న' చేసినప్పుడు ఆ పరిచయం మొత్తం పోతోంది. మనకూ ఇది కొత్త కాదు. మేము 'బాపు' అంటాం, రాయలసీమలో 'నాయనా' అనే ఇళ్లున్నాయి, కోస్తాలో 'నాన్నగారూ' అంటారు. ఎవరైనా మా బాపును డాడీ అని మారిస్తే మాకు ఎలా ఉంటుంది?

కాబట్టి పిలుపులను ఉన్నవి ఉన్నట్టు ఉంచండి. చేచి, చేట్టన్ (అన్న), ఇక్కా, ఇత్తా (అక్క), ఉమ్మా, అమ్మచ్చి. రెండో సన్నివేశానికల్లా ఎవరికైనా అర్థమైపోతుంది. హిందీ సినిమాల నుంచి భాయ్‌ను, భాభీని మనం ఎవరూ నేర్పకుండానే నేర్చుకున్నాం.

కొన్ని డబ్బింగ్ మాటలు వింటుంటే, రచయిత ముందు మలయాళం లేదేమో, ఇంగ్లీషు సబ్‌టైటిల్స్ మాత్రమే ఉన్నాయేమో అనిపిస్తుంది. చేట్టన్ ఇంగ్లీషులోకి వెళ్లి 'బ్రో' అవుతాడు, అక్కడి నుంచి తెలుగులోకి 'బ్రో'గానే దిగుతాడు. మలయాళానికీ తెలుగుకూ మధ్య ఆ దారి ఎందుకు? మన ఊళ్ల ఆసుపత్రుల్లో ఏళ్ల తరబడి పనిచేస్తున్న కేరళ నర్సులున్నారు, బళ్లలో టీచర్లున్నారు. వాళ్లకు రెండు భాషలూ వచ్చు. ఒక్కో సినిమాకు రెండు రోజులు అలాంటి మనిషిని పక్కన కూర్చోబెట్టుకుని, తగిన డబ్బిచ్చి, పేరు వేసి, ఇది ఏ ఊరి మాట, ఇక్కడ వీళ్లెందుకు నవ్వారు అని అడగండి.

త్రిశూర్ యాసకు వరంగల్ యాస, కాసరగోడ్ యాసకు శ్రీకాకుళం యాస పెట్టమని నేను అనడం లేదు. అలా అతికిస్తే ఇంకో గందరగోళం. సినిమా లోపల ఉన్న తేడా వినబడితే చాలు. అందరూ ఒకే ఊరివాళ్లయితే సాదా తెలుగు పెట్టండి. బయటి నుంచి వచ్చిన మనిషి మాటను కథ ఎత్తిచూపుతుంటే, అతని తెలుగు కూడా మిగతావాళ్ల తెలుగులా ఉండకూడదు. నటుడు ఇన్నసెంట్ గారు ఇరింజాలకుడ మనిషే. ఆ సాగదీసే త్రిశూర్ యాస ఆయన నోట వింటేనే సగం పాత్ర అర్థమయ్యేది. ఆయనకు తెలుగులో పెట్టే గొంతు ఎలా ఉండాలో ఒక్క నిమిషం ఆలోచించండి.

రెండు భాషలు కలిసే సినిమాల విషయంలో ఇంకా జాగ్రత్త కావాలి. లిజో జోస్ పెల్లిశేరి తీసిన 'నన్‌పగల్ నేరత్తు మయక్కం'లో వేలాంకణ్ణి నుంచి తిరిగివస్తున్న మలయాళీల బస్సులో ఒకాయన మధ్యాహ్నం నిద్ర లేచి, దారిలోని తమిళ పల్లెలో దిగి, ఎప్పుడో కనబడకుండా పోయిన ఆ ఊరి మనిషిలా ఒక ఇంట్లోకి నడిచి తమిళం మాట్లాడటం మొదలుపెడతాడు. కథంతా భాష మారిన ఆ క్షణంలోనే ఉంది. అతను ముందూ తెలుగే, తర్వాతా తెలుగే మాట్లాడితే, అంతమంది అతన్ని చూసి ఎందుకు భయపడుతున్నారో మనకెలా తెలుస్తుంది? తమిళాన్ని తమిళంగా వదిలేయండి.

తెలుగువాళ్లకు దగ్గరగా ఉండాలి కాబట్టి మారుస్తున్నాం అని మీలో కొందరు అనవచ్చు. దగ్గర చేయడానికి రీమేక్ అనే దారి ఉంది. 'మహేషింటె ప్రతికారం'ను వెంకటేశ్ మహా 2020లో 'ఉమామహేశ్వర ఉగ్రరూపస్య'గా తీసినప్పుడు ఇడుక్కిని తుడిచేసి ఖాళీ వదల్లేదు, అరకును తెచ్చి పెట్టారు. 'నాయాట్టు' 2023లో 'కోటబొమ్మాళి పీఎస్' అయినప్పుడు శ్రీకాకుళం వచ్చింది. ఆ ఊరికి బదులు ఇంకో ఊరు. డబ్బింగ్‌లో మనకు ఆ అవకాశం లేదు, ఎందుకంటే తెర మీద ఇంకా వాళ్ల ఇల్లే కనబడుతోంది. కంటికి చెల్లానం, చెవికి అమీర్‌పేట అయితే ప్రేక్షకుడు ఎక్కడా ఉండడు. 'ప్రేమలు'కు ఆదిత్య హాసన్ రాసిన తెలుగు మాటలు జనానికి బాగా పట్టాయి, నేనూ థియేటర్లో హాయిగా నవ్వాను. కానీ అది హైదరాబాద్‌లో జరిగే కథ. అక్కడ సరిపోయిన పద్ధతి అన్నిటికీ సరిపోదు.

పైగా మనకు వాళ్లు అంత పరాయివాళ్లు కారు. మా నాన్న పదమూడేళ్లు మస్కట్‌లో ఉన్నారు. ఆయన గదిలో నలుగురు మలయాళీలు ఉండేవాళ్లట. 2015లో వచ్చిన 'పత్తేమారి'ని ఇరింజాలకుడలో చూశాను. తొలిరోజుల్లో లాంచీలెక్కి గల్ఫ్ చేరి, జీవితమంతా ఇంటికి డబ్బు పంపి, చివరికి అక్కడే పోయిన మనిషి కథ. సినిమా అయిపోయాక బయట స్కూటర్ స్టార్ట్ చేయలేక చాలాసేపు నిలబడ్డాను. జగిత్యాల, నిజామాబాద్, సిరిసిల్ల, కోనసీమ ఇళ్లకు ఆ కథ ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు. 2018 ఆగస్టు వరదల్లో నేను అక్కడే ఉన్నాను. మత్స్యకారులు పడవలను లారీల మీద ఎక్కించుకుని వచ్చి జనాన్ని కాపాడిన రోజులవి. '2018' సినిమా తెలుగులో వచ్చినప్పుడు మా ఊళ్లో జనం చివరిదాకా కదల్లేదు. అది వేరే ఊరి కథ అని వాళ్లకు తెలుసు, తెలిసే చూశారు. అర్థం కాదేమో అన్న భయం మీది, మాది కాదు.

చివరిగా ఒక్క కోరిక. పైన చెప్పినవన్నీ చేయడానికి టైమ్ పడుతుంది, ఖర్చవుతుంది, ఒప్పుకుంటాను. ఇది మాత్రం వెంటనే చేయవచ్చు. నేను చూసిన చాలా సినిమాల్లో మలయాళం ఆడియో పెట్టుకుంటే కింద ఇంగ్లీషు అక్షరాలే వస్తున్నాయి. అక్కడ తెలుగు కూడా ఇవ్వండి. డబ్బింగ్ కావాలనుకున్నవాళ్లు డబ్బింగ్ చూస్తారు. అసలు గొంతులు వినాలనుకునే మా అమ్మలాంటివాళ్లకు ఇప్పుడు ఏ దారీ లేదు. ఆమెకు ఇంగ్లీషు రాదు. తెలుగు పేపర్ మాత్రం మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా రోజూ చదువుతుంది. చేచీ అన్న పిలుపు చెవిన పడి, కింద తెలుగు కనబడితే ఆమె అరగంటకే లేచి వెళ్లిపోదు.

అక్షరాలు మాత్రం కాస్త పెద్దవిగా వేయండి. ఆమెకు డెబ్భై రెండేళ్లు.

ఇట్లు,
జగిత్యాల నుంచి ఒక ప్రేక్షకుడు